లేపేది వెలుగు, నడిపేది జంక్షన్

గత మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం, గొడుగు వేసుకున్నా నేల సెగ మొహానికి కొడుతున్న వేళ, మా పక్కింటాయన ఫోన్‌లో ఇన్వర్టర్ లెక్కలు తెరిచి పట్టుకుని మా మిద్దె మీదికి వచ్చారు. "సార్, మార్చిలో రోజుకు పదమూడు యూనిట్ల దాకా వచ్చేవి. ఇప్పుడు ఎండ ఇట్లా మండిపోతా ఉంది, పన్నెండు కూడా దాటడం లేదు. ప్లేట్లు చెడిపోయినాయేమో ఒకసారి చూస్తారా?" అని అడిగారు. ప్లేట్లు చెడిపోలేదు. చెడిందల్లా వాటి గురించి ఆయనకు ఎవరో చెప్పిన వివరణ. ఎండ ఎంత కాస్తే కరెంటు అంత వస్తుందని, అంటే వేడే కరెంటుగా మారుతుందని ఆయన నమ్మారు. అలా నమ్మడానికి కారణం కూడా కళ్లెదుటే ఉంది: అదే మిద్దె మీద, ఆ ప్యానెళ్ల పక్కనే, నీళ్లు కాచే సోలార్ హీటర్ ఉంది. అదీ సోలారే, ఇదీ సోలారే. అది వేడితో పని చేస్తున్నప్పుడు ఇది మాత్రం వేరే దేనితో పని చేస్తుందని ఎవరికైనా ఎందుకు తోస్తుంది?

నంద్యాలలో ఇరవై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన మనిషిగా నాకు ఈ ప్రశ్న మనసులో నిలిచిపోయింది. మా ఊరికి కొద్ది దూరంలోనే గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2024లో కేంద్రం మొదలుపెట్టిన పథకం కింద మూడు కిలోవాట్ల ఇంటి ప్లాంటుకు 78 వేల రూపాయల దాకా రాయితీ వస్తుండటంతో వీధికి ఒకరిద్దరు ప్యానెళ్లు పెట్టించుకుంటున్నారు. ఇంత దగ్గరికి వచ్చిన వస్తువు లోపల ఏం జరుగుతుందో చెప్పే మాటలు మాత్రం చాలీచాలనివిగానే ఉన్నాయి. వేడి అనుకోవడం ఒక పొరపాటు. దాన్ని సరిదిద్దేవాళ్లు చెప్పే "వేడి కాదు, కాంతి, కాంతి పడితే ఎలక్ట్రాన్లు కదులుతాయి, అదే కరెంటు" అన్న వివరణ కూడా సగమే, మిగిలిన సగమే అసలు విషయం అన్నది నా వాదన. కాంతి ఎలక్ట్రాన్‌ను లేపుతుంది, అంతవరకే. లేచిన ఎలక్ట్రాన్ మళ్లీ పడిపోయేలోగా దాన్ని ఒకే దారిన బయటికి పంపే ఏర్పాటు, అంటే రెండు రకాల సిలికాన్ కలిసే సరిహద్దు అయిన జంక్షన్, లేకపోతే, ఎంత మేలైన సిలికాన్ అయినా ఎండలో పడి ఉన్న నాపరాయిలాగా వేడెక్కి ఊరుకుంటుంది.

ముందుగా పాఠాల్లో జరిగే ఒక కలగాపులగాన్ని విడదీయాలి. సోలార్ సెల్ (ప్యానెల్‌లో కనిపించే ఒక్కో నీలిపలక) అనగానే చాలామంది ఐన్‌స్టీన్ పేరు, 1905 నాటి కాంతి విద్యుత్ ఫలితం చెబుతారు. మొదటి ఏళ్లలో నేనూ అలాగే చెప్పాను. కాంతి చిన్న చిన్న మూటలుగా, అంటే ఫోటాన్లుగా శక్తిని అందిస్తుందని, ఒక్కో మూటలోని శక్తి కాంతి రంగును బట్టి ఉంటుందే తప్ప దాని తీవ్రతను బట్టి కాదని ఐన్‌స్టీన్ చెప్పిన మాట సోలార్ సెల్‌కు కూడా పునాదే. కానీ ఆ ఫలితంలో జరిగేది వేరు. అక్కడ ఎలక్ట్రాన్ లోహాన్ని వదిలి బయటి శూన్యంలోకి ఎగిరిపోవాలి. జింకు లాంటి లోహం నుంచి దాన్ని పెకలించడానికి నాలుగు ఎలక్ట్రాన్ వోల్టులకు (ఇది ఎలక్ట్రాన్ల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలమానం) మించిన శక్తి కావాలి కాబట్టి కంటికి కనిపించే ఏ రంగు కాంతీ ఆ పని చేయలేదు, అతినీలలోహిత కాంతి కావాలి. సోలార్ సెల్‌లో ఏ ఎలక్ట్రానూ ఎక్కడికీ ఎగిరిపోదు. అది పలక లోపలే ఒక మెట్టు పైకి ఎక్కుతుంది, లోపలే నడుస్తుంది, తీగ ద్వారా ఇన్వర్టర్ దాకా పోయి మళ్లీ అదే పలకలోకి తిరిగి వస్తుంది. పాతికేళ్ల పాటు పని చేసిన ప్యానెల్‌లో కూడా ఎలక్ట్రాన్ల లెక్క తగ్గదు.

ఆ మెట్టు అంటే ఏమిటో చెప్పడానికి నేను తరగతిలో వాడే పోలిక, పండగ ముందు రోజు కర్నూలు నుంచి బయలుదేరే పల్లెబస్సు. కింద కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే, నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఉంటారు. అంగుళం జరగడానికి ఎవరికీ సందు లేదు. అందులో మనుషులు లేక కాదు, ఖాళీ లేక కదలిక లేదు. ఇప్పుడు ఒకాయన వెనక నిచ్చెన ఎక్కి టాపు మీదికి పోయాడనుకుందాం. టాపు మీద ఆయన ఇష్టం వచ్చినట్టు తిరగవచ్చు. కింద ఆయన వదిలిన ఖాళీలోకి ముందున్న మనిషి జరుగుతాడు, ఆయన ఖాళీలోకి అతని ముందున్నవాడు. అలా మనుషులు వెనక్కి జరుగుతుంటే ఖాళీ ముందుకు జరుగుతున్నట్టు కనిపిస్తుంది. సిలికాన్‌లో ఆ కింది భాగం పేరు సంయోజక పట్టీ, టాపు పేరు వహన పట్టీ, ఆ కదిలే ఖాళీ పేరు రంధ్రం. రంధ్రం ఎలక్ట్రాన్ లేని చోటే అయినా ధనావేశం ఉన్న కణంలాగా ప్రవర్తిస్తుంది. రెండు పట్టీలకు నడుమ కాలు మోపే చోటు ఏదీ లేదు. ఎక్కితే పూర్తిగా ఎక్కాలి, లేకపోతే కింద ఉండిపోవాలి. సిలికాన్‌లో ఆ ఎత్తు గది ఉష్ణోగ్రత దగ్గర 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు. రాగిలో ఈ అంతరమే లేదు, గాజులో అది మరీ ఎక్కువ. ఈ రెంటికీ నడుమ ఉండటమే అర్ధవాహకపు విశేషం. ఎండలోని ఫోటాన్లలో ఎక్కువ భాగానికి ఆ ఎత్తు అందుతుంది, మామూలు వేడికి మాత్రం దాదాపుగా అందదు.

ఈ ఎత్తు నిజంగా ఉందని చూడాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ కొట్లో రెండు మూడు రూపాయలకు దొరికే ఎల్‌ఈడీ బల్బులు రెండు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం, ఒక మల్టీమీటరు ఉంటే చాలు. ఎల్‌ఈడీ కూడా సోలార్ సెల్ లాంటి జంక్షనే, పని మాత్రం ఎదురు దిశలో చేస్తుంది. ఎరుపు ఎల్‌ఈడీ కాళ్లకు మీటరు తగిలించి ఎండలో పెడితే వోల్టున్నర దాకా చూపిస్తుంది. ఆ తర్వాత గది తలుపులు వేసి, నీలం ఎల్‌ఈడీని వెలిగించి దాని కాంతిని ఎరుపు దాని మీద పడేటట్టు దగ్గరగా పట్టుకుంటే మీటరు ఒక వోల్టు దాటుతుంది. ఇప్పుడు రెంటినీ మార్చాలి: ఎరుపు దాన్ని వెలిగించి నీలం దాని మీద వేస్తే మీటరు సున్నా దగ్గరే ఉండిపోతుంది. ఎర్ర బల్బులు ఒకటికి పది పెట్టినా అంతే. ఎరుపు ఫోటాన్‌లో రెండు ఎలక్ట్రాన్ వోల్టులకు కొంచెం తక్కువ శక్తి ఉంటుంది, నీలం ఎల్‌ఈడీలోని మెట్టు అంతకంటే ఎత్తు. పొట్టివాళ్లు పదిమంది వచ్చినా అటక మీది డబ్బా ఎవరికీ అందనట్టే, ఎన్ని ఫోటాన్లు వచ్చినా ఒక్కటీ ఎలక్ట్రాన్‌ను పైకి ఎక్కించలేదు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. బల్బు మూత గాజులా తెల్లగా ఉన్న రకమే తీసుకోవాలి. ఎర్ర ప్లాస్టిక్ మూత ఉన్నదాన్ని తీసుకుంటే ఆ మూతే నీలి కాంతిని మింగేస్తుంది, ప్రయోగం తప్పుతుంది. మా పిల్లలకు ఐన్‌స్టీన్ సమీకరణం పది సార్లు రాయించినా ఎక్కని విషయం ఈ ఒక్క పూటలో ఎక్కింది.

ఇక్కడిదాకా చెప్పి ఆపేసేవాళ్లతోనే నా తగువు. ఎలక్ట్రాన్ పైకి ఎక్కింది, నిజమే. తర్వాత? స్వచ్ఛమైన సిలికాన్ ముక్కలో పైకి ఎక్కిన ఎలక్ట్రాన్‌కు ఫలానా దిక్కుకు పోవాలన్న నియమం ఏదీ లేదు. అది అటూ ఇటూ తిరుగుతుంది, కాసేపటికి ఒక రంధ్రం ఎదురైతే అందులో పడిపోతుంది. పడేటప్పుడు తాను తీసుకున్న శక్తిని వేడిగా వదిలేస్తుంది. దీన్ని పునఃసంయోగం అంటారు. తూర్పుకు ఎన్ని ఎలక్ట్రాన్లు పోతాయో పడమరకూ అన్నే పోతాయి కాబట్టి, ముక్కకు రెండు వైపులా తీగలు కట్టినా నికరంగా కరెంటు శూన్యం. కాంతి ఉంది, అర్ధవాహకం ఉంది, లేచిన ఎలక్ట్రాన్లు కోటానుకోట్లు ఉన్నాయి, కరెంటు లేదు. అందుకే "కాంతి పడితే ఎలక్ట్రాన్లు కదులుతాయి" అన్న వాక్యం వివరణ కాదంటాను.

చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. 1839లో ఫ్రాన్స్‌లో పందొమ్మిదేళ్ల ఎడ్మండ్ బెకరెల్, ఆమ్లంలో ముంచిన లోహపు పలకల మీద కాంతి పడితే కరెంటు పుట్టడం గమనించాడు. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పలచని బంగారు రేకు పరిచి సెల్ చేశాడు. అది తన మీద పడిన కాంతిశక్తిలో ఒక శాతానికి అటూ ఇటూ మాత్రమే కరెంటుగా మార్చగలిగింది. ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు కథ అక్కడే ఆగింది. అది ముందుకు కదిలింది 1940 ఫిబ్రవరిలో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో రస్సెల్ ఓల్ అనే పరిశోధకుడి బల్ల మీద. ఆయన వెతుకుతున్నది ఎండను కాదు, రేడియో తరంగాలను పట్టే మంచి సిలికాన్‌ను. ఆయన దగ్గరున్న సిలికాన్ ముక్కల్లో ఒకదానికి నడుమ పగులు ఉంది. దాని మీద దీపపు వెలుగు పడినప్పుడల్లా మీటరు ముల్లు ఒక్కసారిగా లేచేది, అర వోల్టుకు దగ్గరగా. పగులు లేని ముక్కలు వెలుగుకు ఇలా స్పందించలేదు. విచారిస్తే తేలిందేమిటంటే, కరిగిన సిలికాన్ నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు అందులోని మలినాలు వేరుపడి, ఒక రకం ఒక కొసకు, మరో రకం మరో కొసకు చేరాయి. ఆ రెంటి సరిహద్దు సరిగ్గా ఆ ముక్కలో పడింది. సిలికాన్ అదే, దీపమూ అదే. తేడా అంతా ఆ సరిహద్దులోనే ఉంది. ఆ రెండు రకాల సిలికాన్‌కు పి, ఎన్ అనే పేర్లు ఆ పరిశోధనల్లోనే పుట్టాయి. అదే సంస్థలో డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ ఆ సరిహద్దును యాదృచ్ఛికానికి వదలకుండా, సిలికాన్ పైపొరలోకి బోరాన్‌ను చొప్పించి కావాలని తయారు చేశారు. 1954 ఏప్రిల్ 25న వాళ్లు లోకానికి చూపించిన సెల్ ఆరు శాతం దాకా మార్చగలిగింది. నాలుగేళ్లకే, 1958 మార్చిలో, వాన్‌గార్డ్-1 ఉపగ్రహం సోలార్ సెల్‌లతో కక్ష్యలోకి వెళ్లింది.

మరి ఆ సరిహద్దు చేసే పనేమిటి? సిలికాన్ పరమాణువుకు పొరుగువాళ్లతో బంధాలు కట్టుకోవడానికి నాలుగు ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఫాస్ఫరస్‌కు ఐదు, బోరాన్‌కు మూడు. స్ఫటికంలో సిలికాన్ ఉండాల్సిన చోట ఫాస్ఫరస్ కూర్చుంటే ఒక ఎలక్ట్రాన్ మిగులు, బోరాన్ కూర్చుంటే ఒక రంధ్రం మిగులు. ఇలా కలపడాన్ని మాదీకరణం అంటారు. మా మిద్దె మీది సెల్‌లలో దళసరి భాగమంతా బోరాన్ కలిపిన పి-రకం. ఇంచుమించు యాభై లక్షల సిలికాన్ పరమాణువులకు ఒక్క బోరాన్ పరమాణువు. పై ముఖాన అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా లేని పలచని పొరలో ఫాస్ఫరస్ దట్టించిన ఎన్-రకం. రెండూ కలిసే చోట, ఎన్ వైపు నుంచి ఎలక్ట్రాన్లు పి వైపుకు, పి వైపు నుంచి రంధ్రాలు ఎన్ వైపుకు కొన్ని పొంగిపోతాయి. పోయినవి పోగా, కదలలేని ఫాస్ఫరస్ అయాన్లు ధనావేశంతో ఒకవైపు, బోరాన్ అయాన్లు ఋణావేశంతో మరొకవైపు బారులు తీరి నిలబడతాయి. వాటి మధ్య ఏర్పడే విద్యుత్ క్షేత్రమే ఇక మీదట పొంగుకు అడ్డుకట్ట. ఆ సన్నని మేరనే లేమి పొర అంటాం. గమనించాల్సిందేమిటంటే ఈ కట్ట అందరికీ ఒకేలా ఉండదు: పి వైపు నుంచి వచ్చే ఎలక్ట్రాన్‌కు అది పల్లం, ఎన్ వైపు నుంచి వచ్చే ఎలక్ట్రాన్‌కు అది మిట్ట. రంధ్రాలకు సరిగ్గా తిరగేసిన లెక్క. చీకట్లో కూడా, కాంతితో నిమిత్తం లేకుండా, ఆ వాలు అక్కడ సిద్ధంగా ఉంటుంది.

ఇక్కడ పుస్తకాల బొమ్మలు మరో అపోహ కలిగిస్తాయి. బొమ్మలో లేమి పొరను సగం పేజీ వెడల్పున గీసి, ఫోటాన్ వచ్చి సరిగ్గా అందులోనే పడినట్టు చూపిస్తారు. నిజానికి పలక మందం 150 నుంచి 180 మైక్రాన్లు, అంటే రెండు వెంట్రుకల మందమైనా సరిగా ఉండదు; అందులో లేమి పొర ఒక మైక్రాన్‌కు లోపే. సిలికాన్ కాంతిని అంత చురుగ్గా మింగే పదార్థం కాదు, ఎరుపు కాంతి చాలా మైక్రాన్ల లోతుకు పోయి గానీ ఆగదు. కాబట్టి చాలా ఎలక్ట్రాన్లు పుట్టేది విద్యుత్ క్షేత్రం జాడ కూడా లేని లోపలి భాగంలో, చుట్టూ రంధ్రాలే నిండి ఉన్న పి ప్రాంతంలో. అక్కడ ఆ ఎలక్ట్రాన్‌ను ఏదీ లాగదు. అది ఒక అడుగు ముందుకు, రెండడుగులు పక్కకు, మళ్లీ వెనక్కి అన్నట్టు గమ్యం లేకుండా తిరుగుతుంది. దీన్నే విసరణ అంటాం. తిరుగుతూ తిరుగుతూ, రంధ్రంలో పడిపోయేలోగా, సరిహద్దు అంచుకు చేరిందా, పల్లంలోకి జారి ఎన్ వైపు పడుతుంది, ఇక వెనక్కి ఎక్కలేదు. చేరకపోతే దాని కథ వేడిగా ముగుస్తుంది. అంతా ఆ పందెం మీదే ఆధారపడి ఉంది: ఎలక్ట్రాన్ ఆయువు ముందా, సరిహద్దు ముందా?

సెల్ తయారీలోని ఖర్చూ శ్రమా అంతా ఆ ఆయువును పెంచడానికే అని తెలిసినప్పుడు నాకు ఆ నీలిపలకల మీద గౌరవం పెరిగింది. సిలికాన్ ఇసుకలోనే ఉంది, కొదవ లేదు. కానీ అందులో కోటి పరమాణువులకు ఒక్క ఇనుము పరమాణువు మిగిలినా అది ఎలక్ట్రాన్లు పడిపోయే గుంత అవుతుంది. అందుకే క్వార్ట్జ్‌ను బొగ్గుతో కొలిమిలో కాల్చి తీసిన సిలికాన్‌ను వాయు రూపంలోకి మార్చి శుద్ధి చేసి, 1414 డిగ్రీల దగ్గర మళ్లీ కరిగించి, చిన్న విత్తన స్ఫటికాన్ని తాకించి మెల్లగా పైకి లాగుతూ ఒకే స్ఫటికంగా పెంచుతారు. తీర్చిదిద్దిన సిలికాన్‌లో ఎలక్ట్రాన్ సెకనులో పదివేలో వంతు దాకా బతుకుతుంది. వినడానికి ఏమంత కాదు. ఆ కాలంలో అది విసరణతోనే అర మిల్లీమీటరు దూరం చేరగలదు, పలక మందానికి అది మూడు రెట్లు. పందెం గెలిచినట్టే. అరచేతి కంటే కొంచెం పెద్దదైన, పదిహేనున్నర సెంటీమీటర్ల ఒక్క సెల్ మంచి ఎండలో తొమ్మిది ఆంపియర్లు ఇస్తుందంటే, సెకనుకు ఐదున్నర లక్షల కోటి కోట్ల ఎలక్ట్రాన్లు ఆ పందెం గెలిచి సరిహద్దు దాటుతున్నాయన్నమాట.

ఇప్పుడు మా పక్కింటాయన ప్రశ్నకు రావచ్చు. ఎన్ వైపు ఎలక్ట్రాన్లు, పి వైపు రంధ్రాలు పోగుపడేకొద్దీ ఆ కట్ట ఎత్తు తగ్గుతుంది. తగ్గేకొద్దీ కట్ట దాటి వెనక్కి పోయేవి ఎక్కువవుతాయి. తీగ కట్టకుండా వదిలేస్తే, వచ్చేవీ వెనక్కి పోయేవీ సమానమైన చోట వోల్టేజి ఆగుతుంది. సిలికాన్ సెల్‌కు అది 0.6 నుంచి 0.7 వోల్టు. వేడి పెరిగితే వెనక్కి పోయే ఈ ప్రవాహమే బలపడుతుంది, ఎందుకంటే కాంతి ప్రమేయం లేకుండా ఉష్ణం వల్లనే పైకి లేచే ఎలక్ట్రాన్లు సిలికాన్‌లో వేగంగా పెరుగుతాయి. ఫలితంగా ఆ సమతూకం తక్కువ వోల్టేజి దగ్గరే కుదురుతుంది. డిగ్రీకి సెల్‌కు రెండు మిల్లీవోల్టులకు కొంచెం ఎక్కువగా వోల్టేజి పడిపోతుంది. ఆ రోజు ఆయన కళ్లముందే చూపించాను. నా దగ్గర 36 సెల్‌ల చిన్న పది వాట్ల ప్యానెల్ ఉంది. ఎండలో గంట సేపు ఉన్నాక మీటరు 18.8 వోల్టులు చూపించింది. వెనక వైపు తడిగుడ్డ అద్ది, పైన చెంబుతో కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తే అంకెలు ఒక్కొక్కటే పెరుగుతూ 20.2 దాకా వచ్చాయి. ఎండ అదే, వెలుగు అదే. ఆయన చెంబు తీసుకుని తనే మరోసారి పోసి చూశారు. (మిద్దె మీది పెద్ద ప్యానెళ్ల మీద మిట్టమధ్యాహ్నం చల్లనీళ్లు పోయకండి, కాగిన గాజు పగిలే ప్రమాదం ఉంది, కడగాలంటే తెల్లవారుజామునే.)

ప్యానెల్ వెనక అంటించిన కాగితం మీద 335 వాట్లని ఉంటే, ఆ లెక్క సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుగు ఉన్నప్పటిది. మా సీమ ఎండాకాలంలో ప్యానెల్ లోపలి వేడి 65 డిగ్రీలకు సులువుగా చేరుతుంది. ఆ పాతరకం ప్యానెళ్లకు డిగ్రీకి 0.4 శాతం చొప్పున నలభై డిగ్రీలకు 16 శాతం పోతుంది. 335లో మిగిలేది 281. కొత్త రకాల్లో ఈ నష్టం డిగ్రీకి 0.3 శాతానికి తగ్గింది. ఇది మోసం కాదు, లోపమూ కాదు, జంక్షన్ స్వభావం. కానీ అమ్మేటప్పుడు "మన ఊరి ఎండకు దంచేస్తుంది సార్" అని చెప్పడం మాత్రం తప్పు. వెలుగు మెండుగా ఉండి గాలి చల్లగా ఉన్న జనవరి, ఫిబ్రవరి మధ్యాహ్నాల్లో ఆ ప్యానెల్ ఒక్కో క్షణంలో ఇచ్చే వాట్లు మండువేసవి వాట్లను మించినా ఆశ్చర్యం లేదు.

ఇప్పటి మంచి ప్యానెల్ కూడా తన మీద పడిన వెలుగులో కరెంటుగా మార్చేది ఇరవై రెండు శాతమే ఎందుకు, మిగతాదంతా ఏమైపోతుందని అడిగేవాళ్లకు కూడా ఆ 1.12 సంఖ్యే జవాబు. ఆ ఎత్తు అందని పరారుణ ఫోటాన్లు, ఎండ శక్తిలో ఇంచుమించు ఐదో వంతు, సిలికాన్‌ను పట్టించుకోకుండా దాటిపోతాయి. అటు వైపు, మూడు ఎలక్ట్రాన్ వోల్టుల ఊదా ఫోటాన్ కూడా లేపేది ఒక్క ఎలక్ట్రాన్‌నే. మిగులు శక్తి రెప్పపాటులో వెయ్యికోట్లో వంతు కాలంలోనే వేడైపోతుంది. ఇలా పోయేది మరో మూడో వంతు దాకా ఉంటుంది. ఒకే జంక్షన్ ఉన్న ఏ సెల్‌కైనా దాటలేని హద్దు ఒకటి ఉందని 1961లో విలియం షాక్లీ, హాన్స్ క్వైసర్ లెక్కగట్టి చూపించారు; ఇప్పటి లెక్కల ప్రకారం మామూలు ఎండలో అది దాదాపు 33 శాతం. ప్రయోగశాలలో సిలికాన్ ఇప్పటికే 27 శాతం దాటింది. ఆ గోడను దాటాలంటే ఎత్తు వేరైన మరో పదార్థాన్ని సిలికాన్ మీద పరచాలి. పెరోవ్‌స్కైట్ అనే పదార్థపు పొరతో ఇప్పుడు జరుగుతున్న ప్రయత్నం అదే. అది వేరే వ్యాసానికి సరిపడే విషయం.

ఈ సూక్ష్మాలన్నీ వాడుకునేవాళ్లకు ఎందుకు, కరెంటు వస్తే చాలదా అని మిత్రులొకరు అన్నారు. చాలదని నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను. మా ఇంటికి తొమ్మిది ప్యానెళ్లు బిగించినవాళ్లు నైరుతి మూలనున్న నీళ్ల ట్యాంకు పక్కనే రెండు ప్యానెళ్లు పెట్టారు. చలికాలంలో మూడు గంటలయ్యేసరికి ట్యాంకు నీడ వాటి కింది అంచు మీద జానెడు మేర పరుచుకునేది. అడిగితే, "కొంచెం నీడే కదా సార్, పదో వంతు కూడా పోదు" అన్నారు. జంక్షన్ సంగతి తెలిసినవాళ్లు అనాల్సిన మాట కాదది. ఒక ప్యానెల్‌లో 72 సెల్‌లు దండలో పూసల్లా ఒకే వరుసలో కలిపి ఉంటాయి. ఒక సెల్ నుంచి వచ్చిన తొమ్మిది ఆంపియర్లూ తర్వాతి సెల్ గుండా పోవాలి. వెలుగు సెల్‌లో పుట్టే కరెంటు దిశ, మామూలు డయోడు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే జంక్షన్) అనుమతించే దిశకు ఎదురు దిశ. నీడ పడిన సెల్‌లో కొత్త ఎలక్ట్రాన్లు లేవవు, అది వట్టి డయోడుగా మిగులుతుంది, పొరుగు సెల్‌లు నెట్టుకొచ్చే కరెంటుకు తలుపు మూసేస్తుంది. ఏ ఏకదిశ ఏర్పాటు వల్ల కరెంటు పుడుతున్నదో, చీకటి పడిన చోట ఆ ఏర్పాటే అడ్డం నిలుస్తుంది. పైగా మిగతా సెల్‌ల శక్తి దాని మీద పడి అది మాడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, వెనక పెట్టెలో మూడు బైపాస్ డయోడ్లు పెట్టి ఒక్కోదానికి 24 సెల్‌లు అప్పగిస్తారు. ఆ గుంపులో ఒక సెల్ మూసుకుంటే దాని డయోడు గుంపంతటినీ పక్కన పెట్టి కరెంటును చుట్టు తిప్పి పంపుతుంది. మా ప్యానెల్‌లో నీడ అడ్డంగా కింది వరుసంతా పడటంతో మూడు గుంపులకూ తలా రెండు సెల్‌లు మూసుకున్నాయి, అంటే ప్యానెల్ మొత్తం పోయింది. జానెడు నీడకు పోయింది పదో వంతు కాదు, పదహారణాలూ.

చిన్న ప్యానెల్ మీద ఇది కూడా చేసి చూడవచ్చు. మీటరును ఆంపియర్ల మీద పెడితే అర ఆంపియరుకు పైగా చూపిస్తున్న ప్యానెల్ మీద, 36 సెల్‌లలో ఒక్కదాన్ని అరచేత్తో పూర్తిగా కప్పితే అంకె సున్నా వైపు జారిపోతుంది. చెయ్యి తీస్తే మళ్లీ లేస్తుంది. అదే సమయంలో వోల్టులు కొలిస్తే పెద్ద తేడా కనిపించదు, అందుకే వోల్టేజి ఒక్కటే కొలిచి "అంతా బాగుంది సార్" అని వెళ్లిపోయే మనిషి మాట నమ్మకూడదు. నేను ఆ రెండు ప్యానెళ్లను తూర్పు పక్కకు మార్పించాను. దానికి అయిన ఖర్చు, మొదటి రోజే నీడ లెక్క చూసి ఉంటే అయ్యేది కాదు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇది జంక్షన్ గురించి నేను చెప్పినదంతటికీ ఎదురు దిశ నుంచి వచ్చే సాక్ష్యం. ఎల్‌ఈడీకి కాంతి చూపిస్తే కరెంటు ఇచ్చినట్టే, సోలార్ సెల్‌కు బయటి నుంచి కరెంటు ఎక్కిస్తే అది వెలుగుతుంది. పైకి చేరిన ఎలక్ట్రాన్లు రంధ్రాల్లో పడేటప్పుడు వాటిలో అతి కొద్ది మాత్రం ఆ 1.12 ఎలక్ట్రాన్ వోల్టులను వేడిగా కాక ఫోటాన్లుగా వదులుతాయి. ఆ కాంతి పరారుణం, మన కంటికి కనిపించదు, దానికి తగిన కెమెరాకు కనిపిస్తుంది. ఫ్యాక్టరీల్లో ప్యానెళ్లను పెట్టెలకు ఎక్కించే ముందు చీకటి గదిలో కరెంటు ఇచ్చి ఇలాగే ఫొటో తీస్తారు. ఆ ఫొటోలో మంచి సెల్‌లు బూడిదరంగు వెలుగుతో నిండుగా కనిపిస్తాయి. లారీలో కుదుపులకో, బిగించేటప్పుడు మీద కాలు పెట్టడం వల్లో పగిలిన సెల్‌లో, ఎలక్ట్రాన్లు అందని భాగం నల్లటి గీతగానో, నల్లటి ముక్కగానో తేలుతుంది, పైన గాజు మీద గీరు కూడా లేకపోయినా సరే. మా తొమ్మిదింటికి అటువంటి ఫొటో ఒకసారి తీయించాలని ఉంది, ముఖ్యంగా మార్పించిన ఆ రెంటికి.